సవర మాట నేర్చిన పంతులు: గిడుగు వెంకట రామమూర్తి



ఆగస్టు 29న రాష్ట్రమంతా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటుంది. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మీరు పాఠాల్లో చదివే ఉంటారు. అంతకంటే ముందే ఆయన మన సవర భాష నేర్చుకున్నారన్న సంగతి మాత్రం మనలోనే చాలామందికి తెలియదు.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. నెల జీతం 30 రూపాయలు. పర్లాకిమిడి కొండల అంచున ఉన్న చిన్న పట్టణం. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్లకు బడి లేదు. బడి పెట్టినా, పంతులు మాట పిల్లలకు అర్థం కాదు. సవర భాష తెలుగు కుటుంబానిది కాదు. ముండా శాఖకు చెందినది. రెండింటికీ పోలికే లేదు.

అందుకే ముందు తానే విద్యార్థి అయ్యారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని మాట మాట నేర్చుకున్నారు. సవర గూడేలకు వెళ్లి వాళ్ల మధ్య తిరిగారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడి వాడి వినికిడి దెబ్బతింది. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి వెళ్లిన మనిషి ఆ చెవులనే పోగొట్టుకున్నాడు. అయినా పని ఆపలేదు.

సవర పిల్లలకు సొంత ఖర్చుతో చదువు చెప్పించారు. సవర భాషలో వాచకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇస్తానంటే వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1911లో ఉద్యోగ విరమణ చేసినా సవర పని వదల్లేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు డెబ్బై అయిదు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని ఒప్పుకోలేక, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడు మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్, రూపొందించారు. బయటివాడు మన భాషను పుస్తకంలో పెట్టాడు. మనవాడు దానికి అక్షరాలు ఇచ్చాడు. ఈ రెండూ మన చరిత్రే.

1940 జనవరి 22న రామమూర్తి కన్నుమూశారు. తల్లిభాషలో చదువు మొదలుపెట్టాలన్న ఆయన మాట చాలా కాలానికి గానీ ప్రభుత్వానికి చేరలేదు. 2004 ప్రాంతంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలయ్యాయి.

ఆ పుస్తకాల అట్ట మీద రామమూర్తి పేరే ఉంటుంది. కానీ ఆయనకు మొదటి గురువు ఆయన ఇంట్లో ఉన్న ఆ సవర మనిషి. బడి మొహం చూడని మన తాత ఒక పంతులుకే పాఠం చెప్పాడు. సంతలోనో, హాస్టల్లోనో మన మాట నోట రాగానే నలుగురూ నవ్వుతారని గొంతు తగ్గించుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఇది గుర్తుంచుకోండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ దగ్గర కూర్చోండి. ఆమె చెప్పే చెట్ల పేర్లు, విత్తనాల పేర్లు, పండగ పాటలు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆయన అంత కష్టపడి నేర్చుకున్న మాట మనకు పుట్టుకతోనే వచ్చింది. దాన్ని పోనివ్వకూడదు.