బంగాళాఖాతం అడుగున దక్షిణ ధ్రువపు నీరు

ఓరుగల్లు వాసులమైన మనకు సముద్రం దూరమే. అయినా మన చెరువుల నీరు ఏటా సముద్రానికి చేరుతూనే వుంది. రామప్ప, లక్నవరం అలుగుల నీరు గోదావరిలోను, పాఖాల నీరు మున్నేరు మీదుగా కృష్ణలోను కలిసి, చివరికి బంగాళాఖాతం చేరుతుంది. ఆ సముద్రపు పైనీరు వేసవిలో 30 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడెక్కుతుంది. కాని మూడు వేల మీటర్ల లోతున నీరు రెండు డిగ్రీలకు అటూ ఇటూగా, ఐసుపెట్టెలోని నీటి కంటె చల్లగా వుంటుంది. ఎండలు మండే ఈ సీమ సముద్రం అడుగుకు అంత చలి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ చిన్న ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి మనిషికి రెండు శతాబ్దాలు పట్టింది.

1751లో హెన్రీ ఎల్లిస్ అనే ఆంగ్లేయ నౌకాధిపతి అట్లాంటిక్ సముద్రపు ఉష్ణ ప్రాంతంలో, మూతలున్న ఒక బాల్చీని తాడుతో వెయ్యి మీటర్లకు పైగా లోతుకు దించాడు. పైన నీరు 29 డిగ్రీలుంటే, లోపలి నుంచి వచ్చిన నీరు 12 డిగ్రీలే వుంది. ఆయన ఆ నీటిని స్నానానికి, ద్రాక్షసారా చల్లబరచుకోవడానికి వాడుకున్నాడే గాని కారణం వెదకలేదు. ఆ శతాబ్దం చివర రంఫర్డ్ ప్రభువు అనే శాస్త్రజ్ఞుడు, ఈ చలి అక్కడిది కాదనీ, ధ్రువ ప్రాంతాల నుంచి సముద్రం అడుగున ప్రవహించి వస్తున్నదనీ ఊహించి చెప్పాడు. 1872 నుంచి 1876 వరకు ప్రపంచం చుట్టి వచ్చిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్, మహాసముద్రాల లోతుల్లో చలి వ్యాపించి వున్నదని కొలతలతో చూపింది.

ఇక ఆ నీరు తయారయ్యే తీరు చూద్దాం. మంచినీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికంటె బరువుగా వుంటుంది. ఇంకా చల్లబడితే తేలిక అవుతుంది. ఉప్పునీరు అలా కాదు. సుమారు మైనస్ 1.9 డిగ్రీల వద్ద గడ్డకట్టే దాకా చల్లబడిన కొద్దీ బరువెక్కుతూనే వుంటుంది. అంటార్కిటికా ఖండం మీది నుంచి వీచే భీకరమైన చలిగాలులు, తీరాన ఏర్పడిన మంచును ఎప్పటికప్పుడు నెట్టివేస్తాయి. ఖాళీ అయిన చోట మళ్ళీ కొత్త మంచు కడుతుంది. నీరు మంచుగా మారేటప్పుడు ఉప్పులో చాలా భాగాన్ని వదిలేస్తుంది. ఆ ఉప్పు కింది నీటిలో కలిసి దాన్ని మరింత బరువు చేస్తుంది. అలా చలీ ఉప్పూ రెండూ తోడైన నీరు, గట్టు దిగే వరదలా సముద్రపు వాలు మీదుగా జారి అట్టడుగుకు చేరుతుంది. వెడ్డెల్ సముద్రం, రాస్ సముద్రం ఇందుకు ప్రధాన స్థానాలు. 2012లో మనదేశం భారతి పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పిన ప్రిడ్జ్ అఖాతానికి పడమటి వైపు, కేప్ డార్న్లీ వద్ద కూడా ఇటువంటి నీరు పుడుతున్నదని 2013లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

మరి మన బంగాళాఖాతంలో నీరు ఎందుకు అలా మునగదు? ఉత్తరాన ఆసియా ఖండం అడ్డుగా వుంది, గడ్డకట్టించే చలి లేదు. పైగా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు పైపొరను తేలిక చేస్తుంది. కాబట్టి అడుగు నీరు దక్షిణం నుంచే రావాలి. అది సముద్రగర్భంలోని పర్వత శ్రేణుల సందుల గుండా, దారిలో ఇతర నీటితో కలుస్తూ, నెమ్మదిగా ఉత్తరానికి వస్తుంది.

మన తెలుగుగడ్డ మీద ఈ విద్యకు పునాది పడింది విశాఖపట్నంలో. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, మన విద్యార్థులను వెంటబెట్టుకొని బంగాళాఖాతాన్ని కొలిచారు. తరువాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో అనేక దేశాల నౌకలు 1965 వరకు పనిచేశాయి. ఆ కొలతలన్నిటినీ కూర్చి క్లాస్ విర్ట్కీ 1971లో ఒక పటాల గ్రంథం వెలువరించారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కూడా ఆ యాత్ర ఫలితంగానే 1966లో వెలసింది.

ఈ ప్రయాణానికి పట్టే కాలం శతాబ్దాల లెక్క. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన నాటికి అంటార్కిటికా వద్ద మునిగిన నీటిలో కొంత భాగం ఇంకా వెలుగు చూడకుండా లోతుల్లోనే వుందంటే ఆశ్చర్యపోనక్కర లేదు. ఆ నీరు వట్టి చేతులతో రాదు. పైన వున్నప్పుడు పీల్చుకున్న ప్రాణవాయువును వెంట తెస్తుంది. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతున ప్రాణవాయువు అతి తక్కువ. ఇంకా లోతుకు పోతే మళ్ళీ పెరుగుతుంది. ఆ పెరుగుదల దక్షిణపు నీటి చలవే.

ఇప్పుడు ఆ మూలానికే ముప్పు కనిపిస్తున్నది. అంటార్కిటికా హిమానీనదాలు కరిగి మంచినీరు చేరడం వల్ల తీరపు నీరు తేలికై, మునిగే నీరు తగ్గుతున్నది. ఇదే తీరున సాగితే 2050 నాటికి ఈ అడుగు ప్రవాహం 40 శాతానికి పైగా మందగించవచ్చునని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ, రెండు వేల మీటర్ల లోతుకు దిగి పైకివచ్చే ఆర్గో తేలియాడే పరికరాల సమాచారం సేకరిస్తూ హిందూ మహాసముద్రాన్ని గమనిస్తున్నది. అంతకంటె లోతుకు దిగే పరికరాలు ప్రపంచంలో ఇంకా కొద్దిగానే వున్నాయి.

కాకతీయులు తవ్వించిన చెరువుల ఫలం ఎనిమిది వందల ఏళ్ళ తరువాత మనం అనుభవిస్తున్నాం. సముద్రం లెక్క కూడా అంతే. ఈనాడు దక్షిణ ధ్రువం వద్ద మునిగే నీరు, మునగక నిలిచిపోయే నీరు, రెండింటి ఫలితమూ మన మనుమల మనుమల కాలానికి గాని పూర్తిగా తేలదు. ఆ పిల్లల్లో ఒకరిద్దరైనా ఈ శాస్త్రం వైపు మళ్ళితే మేలు.