పక్క సీటు లేని బండి

బ్రిటన్‌లో 1990 డిసెంబర్ 1కి ముందు మోటార్‌సైకిల్ నేర్చుకోదలచినవాడు తాత్కాలిక లైసెన్సు తీసుకుని, బండికి ముందూ వెనకా 'ఎల్' బోర్డు కట్టుకుని, షాపు గుమ్మం నుంచే ఒంటరిగా రోడ్డెక్కేయవచ్చు. కారు నేర్చుకునేవాడికి ఆ వీలు లేదు, లైసెన్సున్న మనిషి పక్కనుండాల్సిందే. బైకుకు పక్క సీటు లేదు గనక గురువూ లేడు. 1935లో డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయ్యాక కూడా ఈ లోటు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. ప్రభుత్వం మనిషికి నేర్పడం మాని ఇంజన్‌ను కట్టడి చేయాలని చూసింది. 1960ల ఆరంభంలో కొత్తవాళ్లు 250 సీసీ దాటకూడదన్నారు. కంపెనీలు ఆ 250 సీసీలోనే గంటకు 100 మైళ్లు పరుగెత్తే బళ్లు తెచ్చాయి. మన రాజ్‌దూత్ 350కి దగ్గర చుట్టం యమహా ఆర్‌డీ 250 ఆ కోవలోదే. 1983లో హద్దు 125 సీసీకి దిగింది. పరీక్ష సంగతి మరీ విడ్డూరం: అధికారి పేవ్‌మెంట్ మీద నిలబడితే అభ్యర్థి వీధులు చుట్టి వచ్చేవాడు. మలుపు దాటాక ఎలా నడిపాడో దేవుడికే ఎరుక.

1947 నుంచే స్వచ్ఛంద శిక్షణ ఉంది కదా, నిర్బంధం దేనికని అడగొచ్చు. ఇష్టమైతే రమ్మనే పాఠానికి వచ్చేది సాధారణంగా జాగ్రత్తపరులే. 1990లో వచ్చిన కంపల్సరీ బేసిక్ ట్రైనింగ్ వరసనే తిరగేసింది: ముందు పాఠం, తర్వాతే రోడ్డు. దూరాన ఉన్న నంబరు ప్లేటు చదివించి చూపు చూస్తారు. ఖాళీ మైదానంలో క్లచ్, బ్రేకు, యూ టర్న్, ఎనిమిది అంకె సాధన చేయిస్తారు. మన ఆర్టీఓ మైదానంలో ఎనిమిది వేయడమే పరీక్ష, అక్కడ అది పొద్దుటి పాఠం. ఆ తర్వాత కనీసం రెండు గంటలు రోడ్డు మీద నడపాలి. శిక్షకుడు మరో బండి మీద వెంట వస్తూ రేడియోలో చెబుతుంటాడు. లేని పక్క సీటు అలా చెవిలోకొచ్చింది.

ఒక్క రోజులో ఏం వస్తుందన్నది గట్టి అభ్యంతరమే. అయితే ఇందులో పాస్, ఫెయిల్ లేవు. చేతకాకపోతే శిక్షకుడు సంతకం పెట్టడు, మళ్లీ రమ్మంటాడు. సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. అసలు పరీక్ష జోలికి పోకుండా, గడువు తీరినప్పుడల్లా అదే శిక్షణ మళ్లీ తీసుకుని, ఎల్ బోర్డుతోనే భోజనం పార్సిళ్లు మోసేవాళ్లున్నారు. ఆ తప్పు పరీక్షను వాయిదా వేసుకోనిచ్చే సడలింపుది. వాళ్ల వెనకా రెండేళ్లకోసారైనా ఒకరు బండి మీద వెళ్లి, వెనక్కి చూడకుండా మలుపు తిప్పుతుంటే రేడియోలో కేకేస్తున్నారు.