శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా: కుటుంబ అధ్యయనంలో రెండు ఘట్టాలు

తెలుగునాట మానవ వికాసం, కుటుంబ సంబంధాల అధ్యయనం అనగానే సాధారణంగా గృహవిజ్ఞాన కళాశాలలు గుర్తుకు వస్తాయి. విశ్వవిద్యాలయాలు తరగతి గది దాటి, ప్రజల ముంగిళ్లలోనే కుటుంబాన్ని పరిశీలించిన చరిత్ర దీనికి సమాంతరంగా ఉంది. నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని శామీర్‌పేట, మేడ్చల్ ఆ చరిత్రలో రెండు భిన్న ఘట్టాలకు వేదికలయ్యాయి. దాదాపు ఆరు దశాబ్దాల ఎడంతో సాగిన ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన ఉంచి చూస్తే, కుటుంబాన్ని అర్థం చేసుకునే పద్ధతి ఎలా మారిందో తెలుస్తుంది.

మొదటి ఘట్టం 1951–52 నాటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ పథకం కింద వివిధ విభాగాల అధ్యాపకులు, విద్యార్థులు శామీర్‌పేటలో పనిచేశారు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వంటి రంగాల సేవలు, సామాజిక పరిశోధన అక్కడ జంటగా నడిచాయి. ఆ కృషికి నాయకత్వం వహించిన మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే రచించిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో లండన్‌లో వెలువడింది. స్వతంత్ర భారతంలో గ్రామ అధ్యయనాలకు బాట వేసిన గ్రంథాలలో అది ఒకటి.

ఆ గ్రంథంలో కుటుంబ బంధాలకు ఒక అధ్యాయం ప్రత్యేకంగా ఉంది. ఉమ్మడి కుటుంబాన్ని గ్రామస్థులు ఆదర్శంగా భావించినా, పెళ్లయిన కొన్నేళ్లకే కొడుకులు వేరుపడటం అక్కడ సర్వసాధారణమని దూబే గుర్తించారు. ఈ పరిశీలన ముఖ్యమైనది. దీని ప్రకారం ‘ఉమ్మడి’, ‘వేరు’ అనేవి రెండు రకాల కుటుంబాలు కానక్కరలేదు. ఒకే కుటుంబం వేర్వేరు కాలాల్లో దాటే దశలు కావచ్చు. అయితే పరిమిత కాలంలో ముగిసిన క్షేత్రపరిశోధన వేర్వేరు వయసుల వారిని ఏకకాలంలో చూపగలదే గాని, ఒకే వ్యక్తి ఎదుగుదలను ఏళ్ల తరబడి వెంబడించలేదు.

రెండవ ఘట్టం ఆ కాలపరిమాణాన్ని చేర్చింది. మేడ్చల్ మండల గ్రామాల్లో షేర్ ఇండియా, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి భారతీయ కుటుంబ ఆరోగ్యంపై దీర్ఘకాలిక అధ్యయనాన్ని ప్రారంభించారు. 2009–2011 మధ్య 15–35 ఏళ్ల వయసు గల 1,227 మంది స్త్రీలను గర్భధారణకు ముందు గాని, తొలి త్రైమాసికంలో గాని ఇందులో చేర్చుకున్నారు. బిడ్డ వికాసాన్ని పుట్టుకతో గాక, అంతకు ముందరి తల్లి ఆరోగ్యంతో, ఇంటి పరిస్థితులతో మొదలుపెట్టి చూడటం ఈ పద్ధతిలోని విశేషం.

రెండు పద్ధతుల బలాలు, పరిమితులు పరస్పర పూరకాలు. శామీర్‌పేట అధ్యయనం బంధుత్వపు అర్థాన్ని పట్టుకుంది; మేడ్చల్ అధ్యయనం కాలక్రమాన్ని పట్టుకుంది. కొలతలపై ఆధారపడే పరిశోధనలో అత్త, ఆడబిడ్డ, పుట్టిల్లు వంటి సంబంధాలు ప్రశ్నావళిలోని గడులుగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది. వివరణాత్మక పరిశోధనలో వాటి ప్రభావం ఎంతకాలం, ఎంతమేర నిలిచిందో తేలదు.

నేటికీ కుటుంబ అధ్యయన ప్రశ్నావళులు ‘ఉమ్మడి కుటుంబమా, చిన్న కుటుంబమా?’ అని ఒక్కసారి అడిగి ఊరుకోవడం కద్దు. ప్రసవానికి పుట్టింట, ఆపై అత్తింట, కొన్నాళ్లకు వేరు కాపురంలో ఉండే తల్లి విషయంలో ఆ ఒక్క జవాబు బిడ్డ పెంపకం గురించి చెప్పేది స్వల్పం. ‘ఎప్పుడు వేరుపడ్డారు? అప్పటికి బిడ్డ వయసెంత? బిడ్డను ఎవరు చూసుకున్నారు?’ అని అడగడం అవసరం. శామీర్‌పేట పరిశీలనను మేడ్చల్ పద్ధతితో జోడిస్తే కలిగే ప్రయోజనం ఇదే.