రేకు పోయి ప్లాస్టిక్కు వచ్చాక

బెజవాడ ఎండలో నిలబెట్టిన కారు లోపల ముందుగా పగిలేది స్పీకరు జాలీ. తర్వాత స్టీరింగు కింది కవరు, ఆపైన డోరు ప్యాడుకు స్క్రూ బిగించే చోటు. ఆటోనగర్‌లో నేను బతికేది ఈ పగుళ్ల మీదే. పని పాతదిలా కనిపిస్తుంది గానీ దీని వయసు తక్కువే.

అంబాసిడర్లు, ఫియట్లు తిరిగిన రోజుల్లో దీని అవసరం పెద్దగా లేదు. డోరు లోపల ఒక అట్ట, దాని మీద రెగ్జిను. వానకు అట్ట ఉబ్బితే సీట్లు కుట్టే షాపువాడే కొత్తది కోసి పెట్టేవాడు. మిగతాదంతా రేకు, టింకరింగు మేస్త్రీ సుత్తికి లొంగేది. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళాలను హర్‌పాల్ సింగ్ చేతికిచ్చారు. ఆ బండితోనే కారు లోపలి ప్లాస్టిక్కు మధ్యతరగతి ఇళ్ల ముందుకొచ్చింది. పగిలితే కొత్తది కొనడమే అప్పట్లో మందు. 2014 జనవరిలో 800 తయారీ ఆగింది. ఆ తర్వాత పాత ఇనుము షాపులో దొరికే ముక్కలూ ఎండకు పెళుసెక్కినవే. సుత్తి ఎత్తితే ముక్క రెండవుతుంది, గ్యాసు మంట చూపిస్తే కారిపోతుంది. మేస్త్రీలు చేతులెత్తేశారు.

ప్లాస్టిక్కు అతికే విద్య తెలిసినవాళ్లు కారు ముఖం చూడనివాళ్లు. మా మేనమామ వీధుల్లో ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాడు. తగరం, నవాసారం, బొగ్గుల కుంపటి, అంతే సరంజామా. ప్లాస్టిక్కు బిందెలు రాగానే ఆ కుంపటి మీదే ఇనప చువ్వ కాల్చి, పాత బకెట్టు ముక్క కరిగించి చిల్లుల మీద అద్దడం మొదలెట్టాడు. ఎర్ర బిందెకు నీలం మాటు పడినా ఎవరూ పట్టించుకోలేదు, నీళ్లు కారకపోతే చాలు. ఏ ముక్క దేనికి అతుకుతుందో ఆయన చూసేది వాసనతో.

ఆ వాసన పరీక్షే నా పనికి మొదటి పాఠం. కారు లోపల ఎక్కువగా దొరికేవి రెండు రకాల ప్లాస్టిక్కులు, పీపీ, ఏబీఎస్. చిన్న పెళ్ల కాల్చితే పీపీ నల్లపొగ పెద్దగా లేకుండా కొవ్వొత్తి వాసనతో మండి బొట్లు కారుతుంది. ఏబీఎస్ దట్టమైన నల్లపొగ, మసి వదులుతుంది. నీళ్లలో వేస్తే పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. కానీ గట్టిదనానికి టాల్కు పొడి దండిగా కలిపిన పీపీ కూడా మునుగుతుంది, అందుకే నీళ్ల పరీక్షను ఒక్కదాన్నే నమ్మను. ఏబీఎస్‌కు దెబ్బ తట్టుకునే గుణమిచ్చేది అందులో కలిసిన రబ్బరు. ఎండా గాలీ ముందు తినేది దాన్నే. పాత ముక్క గాజులా పుటుక్కుమనేది అందుకే.

ఏబీఎస్ అయితే అదే రకం తునకల్ని అసిటోనులో నానబెట్టి, జావైన దాన్ని వెనకవైపు పూస్తాను. పీపీకి అసిటోను ఏమీ చేయదు. దానికి కాల్చిన కడ్డీయే దిక్కు. ముందు పగులు కొసన సన్నని బెజ్జం వేస్తాను, లేకపోతే చీలిక ముందుకు పాకుతుంది. తర్వాత పగులు వెంట గాడి తీసి, స్టీలు జాలీ ముక్కను వెనకనుంచి కరిగించి దింపి, పైన పీపీ పుల్ల నింపుతాను. ముందువైపు గీత కనిపిస్తుంది. కనపడదని ఎవరైనా అంటే నమ్మకండి.

1958లో అమెరికాలో అమ్మకానికొచ్చిన సూపర్ గ్లూ మన దగ్గర ప్రతి కిళ్లీ కొట్టుకూ చేరింది. దానిమీద వంటసోడా చల్లితే క్షణంలో గట్టిపడుతుంది, ఆ చిట్కా తెలియని మెకానిక్కు ఉండడు. ఏబీఎస్ మీద కొన్నాళ్లు ఆగుతుంది. పీపీని అసలు పట్టుకోదు, గోటితో గీరితే రేకులా లేచొస్తుంది. పైగా ఆ జిగురంతా అరగదీస్తే గాని నేను అతుకు మొదలుపెట్టలేను, అరగదీసినకొద్దీ అంచులు కలవడం మానేస్తాయి.

కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు డోరు ప్యాడు పగలగానే జిగురు జోలికి పోకండి. విరిగిన క్లిప్పు, రాలిన పెళ్లలు అన్నీ ఒక కవర్లో వేసి తీసుకురండి. మాటుకు కావలసిన ప్లాస్టిక్కు వాటిలోనే ఉంది.