ఈ పగకు వందేళ్లు నిండలేదు

2009లో వచ్చిన ‘అండర్‌వరల్డ్: రైజ్ ఆఫ్ ది లైకన్స్’ చూసినవాళ్లకు లూసియన్ మెడపట్టీ గుర్తుండే ఉంటుంది. దాని మేకులు లోపలికి తిరిగి ఉంటాయి. తోడేలుగా మారబోయాడా, అవే గొంతులో దిగుతాయి. రక్తపిశాచుల కోటలో బానిసగా పెరిగిన లూసియన్, దొర విక్టర్ కూతురు సోంజాను ప్రేమించాడు. కన్నకూతురని కూడా చూడకుండా విక్టర్ ఆమెను ఎండకు బలిచ్చాడు. 2003 నాటి మొదటి సినిమాలో మనం చూసిన పోరుకు మూలం అదేనని ఈ పూర్వకథ చెబుతుంది.

కోటలు, కత్తులు, గుర్రాలు చూసి ఈ వైరం కూడా అంత పాతదనుకుంటాం. కానీ పల్లెల్లో చెప్పుకున్న కథల్లో రక్తపిశాచులకూ తోడేలు మనుషులకూ శత్రుత్వమే లేదు. చాలాచోట్ల ఇద్దరూ ఒకరే!

సెర్బియాలో ‘వూకొద్లాక్’ అంటే అక్షరాలా తోడేలు వెంట్రుకలవాడు. అయినా 1818లో వూక్ కరాజిచ్ అచ్చువేసిన నిఘంటువులో ఆ మాటకు అర్థం సమాధిలోంచి లేచొచ్చే శవం, అంటే మనం రక్తపిశాచి అనేదే. గ్రీకులు కూడా ఈ మాటనే కాస్త మార్చి, లేచొచ్చే శవానికి పెట్టుకున్నారు. ఇక్కడో ముచ్చట. ‘వూక్’ అంటేనే తోడేలు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో, మంత్రగత్తెలు దగ్గరికి రారని కన్నవాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టారట. పెంటయ్యలు, పుల్లమ్మలు ఉన్న మన ఊళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1897 నాటి ‘డ్రాక్యులా’ నవలలోనూ తోడేళ్లు డ్రాక్యులా దొర చెప్పినట్టు వింటాయి. అవసరమైతే తనే తోడేలవుతాడు.

మరి చెడిందెక్కడ? నా లెక్కలో 1943లో, కొలంబియా స్టూడియో వాళ్ల సినిమా ‘ది రిటర్న్ ఆఫ్ ది వాంపైర్’లో. డ్రాక్యులా హక్కులు యూనివర్సల్ చేతిలో ఉండటంతో, బేలా లుగోసీ వేసిన పాత్రకు అర్మాండ్ టెస్లా అని పేరు పెట్టారు. లండన్ మీద జర్మన్ బాంబులు పడి ఒక సమాధి బద్దలవుతుంది. శవం గుండెలో దిగి ఉన్న మేకును బాంబు ముక్క అనుకుని కాటికాపరులు పీకేస్తారు. లేచిన టెస్లా తన పాత బంటు ఆండ్రియాస్‌ను మళ్లీ లొంగదీసుకుంటాడు. వాడు తోడేలు మనిషి. చివర్లో తుపాకీ దెబ్బ తిన్న బంటును దొర ఇక పనికిరావని వదిలేస్తాడు. ఆ బంటే దొరను ఎండలోకి ఈడ్చుకుపోతాడు. లూసియన్‌కు తాత ఎవరంటే నేను వీడినే చూపిస్తాను.

1948లో అబాట్, కాస్టెల్లో జంట హాస్యచిత్రంలో గబ్బిలంగా మారిన డ్రాక్యులాను తోడేలు మనిషి ఒడిసిపట్టి, అతనితో సహా కిందికి దూకేశాడు. ఆ తర్వాత చాలాకాలానికి, 1990లలో, వైట్ వూల్ఫ్ సంస్థ ఆటల పుస్తకాలు ఈ రెండు జాతులకూ తెగలు, కట్టుబాట్లు, పాత కక్షలు సమకూర్చాయి.

‘అండర్‌వరల్డ్’ విడుదలకు ముందే ఆ సంస్థ, రచయిత్రి నాన్సీ కాలిన్స్ కలిసి తమ సరుకు ఎత్తుకెళ్లారంటూ సోనీ మీద కోర్టుకెక్కారు. తెరమీద శతాబ్దాలు సాగిన ఆ కక్ష పేరుతో నడిచిన దావా, తీర్పుదాకా పోకుండానే రాజీతో ముగిసింది.