కౌమార క్రీడాకారుల మోకాలి గాయం: చికిత్స, కోలుకునే కాలం, ఇంటి తోడ్పాటు

కౌమార వయసు క్రీడాకారులకు తగిలే మోకాలి గాయాల్లో ఆటను ఎక్కువ కాలం ఆపేసేది ముందు క్రూసియేట్ లిగమెంట్ తెగడం. ఆటగాళ్ల వాడుకలో ఇది ఏసీఎల్. తొడ ఎముక కింది చివర నుంచి కాలి ఎముక పై చివరకు మోకీలు లోపల ఏటవాలుగా సాగే ఈ బంధనం, కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలితిరిగినప్పుడు పట్టు తప్పకుండా ఆపుతుంది. పూర్తిగా తెగితే దానంతటది మునుపటి బిగువుతో అతుక్కోవడం అరుదు. ప్రత్యేక పద్ధతిలో బ్రేస్ వేస్తే కొందరిలో అతుక్కుంటోందని ఇటీవలి పరిశోధనలు కొన్ని సూచించాయి కానీ, ఎదిగే పిల్లల విషయంలో ఆ పద్ధతి ఇంకా ప్రామాణికం కాలేదు.

ఈ వ్యాసం సుమారు 12 నుంచి 19 ఏళ్ల వయసు వారికి సంబంధించినది. అంబాజీపేట, దాని చుట్టుపక్కల అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ఇళ్లను, బడులను దృష్టిలో పెట్టుకుని కూర్చినది.

కోనసీమ నేపథ్యం

అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ మండల కేంద్రం. ఉద్యాన పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే ఉంది. హైస్కూలు పిల్లల ఆటలు ప్రధానంగా కబడ్డీ, వాలీబాల్, షటిల్ అని చెప్పవచ్చు. మూడూ మోకాలి మీద భారం వేసేవే. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి (జననం 13 ఆగస్టు 2000) వ్యాయామ ఉపాధ్యాయుడి కొడుకు. 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్లి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1 స్థానానికి చేరాడు. పిల్లల ఆటను కాలక్షేపంగా కాక బతుకుతెరువుగా చూసే ఇళ్లు ఈ ప్రాంతంలో పెరగడానికి ఇలాంటి ఎదుగుదల ఒక కారణం కావచ్చు. ఆట మీద అంత ఆశ పెట్టుకున్న ఇంట్లో మోకాలి గాయం వైద్య సమస్యగా మాత్రమే ఉండిపోదు.

గాయం తీరు, మొదటి రోజులు

ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ ఢీకొట్టకుండానే జరుగుతాయి. షటిల్‌లో వెనక్కి గెంతి స్మాష్ కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు, వాలీబాల్‌లో బ్లాక్ చేసి వంకరగా నేల తాకినప్పుడు, పరుగులో హఠాత్తుగా ఆగి పక్కకు తిరిగినప్పుడు మోకాలు లోపలికి వాలి మెలిపడుతుంది. కబడ్డీలో దీనికి మరొకటి తోడవుతుంది. రైడర్ మధ్యగీత వైపు తిరిగేటప్పుడు చీలమండ ప్రత్యర్థి చేతిలో ఇరుక్కుంటే, పాదం కదలక శరీరం మాత్రమే తిరుగుతుంది.

‘టప్’మన్న చప్పుడు వినిపించడం, రెండు మూడు గంటల్లోనే మోకాలు బాగా పొంగడం, నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టు ఉండటం ముఖ్య లక్షణాలు. అంత త్వరగా పొంగిందంటే కీలు లోపల రక్తం చేరిందని అనుమానించాలి. ఊళ్లలో ఇక్కడే కాలం వృథా అవుతుంది. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు కాబట్టి, ఎముక విరగలేదన్న మాట వినగానే బెణుకేనని తేల్చేసి నూనెతో మర్దన చేయించడం, నాటుకట్టు వేయించడం జరుగుతోంది. నాటుకట్టుకు తెలుగునాట దీర్ఘ సంప్రదాయమే ఉంది. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు పేరు కోనసీమలోనూ తెలుసు. అయితే అది ప్రధానంగా విరిగిన ఎముకకు ఉద్దేశించిన పద్ధతి. మోకీలు లోపల తెగిన బంధనాన్ని అది చేరలేదు. రక్తం చేరిన కీలును గట్టిగా పిసకడం వాపును పెంచుతుంది. ఎముకల వైద్యుడు చేత్తో చేసే లాక్‌మన్ పరీక్ష, ఆ తర్వాత ఎంఆర్ఐ, ఇవీ నిర్ధారణకు దారి. మోకాలు ఒకచోట ఇరుక్కుపోయి చాచడానికి రాకపోతే మెనిస్కస్ (కీలు లోపలి మెత్తని మృదులాస్థి) చీలి మధ్యలో అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాలు ఎక్కువ. రెండు మూడు రెట్లని కొందరు, అంతకు మించి అని మరికొందరు లెక్కకట్టారు. కటి వెడల్పు, హార్మోన్లు, గెంతి దిగే తీరు, చిన్నప్పటి నుంచి అందే శిక్షణలో తేడా అంటూ కారణాలు పలు రకాలుగా చెబుతారు. వీటిలో మార్చగలిగినవి చివరి రెండే కాబట్టి వాటి మీద దృష్టి పెట్టడమే ప్రయోజనకరం.

శస్త్రచికిత్స: ఎప్పుడు, ఎలా

పిల్లల మోకాలి చుట్టూ ఎముకల చివర్లలో పెరుగుదల పొరలు ఉంటాయి. అమ్మాయిల్లో సుమారు 14 ఏళ్లకు, అబ్బాయిల్లో సుమారు 16 ఏళ్లకు ఇవి మూసుకుంటాయని స్థూలంగా చెబుతారు. వ్యక్తికీ వ్యక్తికీ తేడా ఉంటుంది. పొర మూసుకోకముందు పెద్దలకు చేసినట్టే ఎముకలో సొరంగం తొలిస్తే కాలు పొట్టిపడటమో, వంకరపోవడమో జరిగే ప్రమాదం ఉంది. అందుకే పూర్వం ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేసేవారు. అలా ఆగినవారిలో కొందరికి కాలు పదేపదే జారి మెనిస్కస్ కూడా దెబ్బతింటోందని తేలడంతో అభిప్రాయం మారింది. పొరలను తప్పించి చేసే పద్ధతులు వచ్చాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018లో వెలువరించిన నిపుణుల ఏకాభిప్రాయ పత్రం రెండు దారులనూ ఉంచింది. మెనిస్కస్ బాగుండి, కాలు నిలకడగా ఉంటే మంచి ఫిజియోథెరపీతో ఆగి చూడవచ్చు. కాలు జారుతూ ఉన్నా, మరమ్మతు చేయదగ్గ మెనిస్కస్ చీలిక ఉన్నా శస్త్రచికిత్స మేలు.

తెగిన లిగమెంటు స్థానంలో రోగి సొంత స్నాయువునే, సాధారణంగా తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్‌ను, ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే శస్త్రచికిత్స) ద్వారా అమరుస్తారు. ఈ తరహా పునర్నిర్మాణానికి మూలం 1917లో ఇంగ్లండ్ వైద్యుడు హే గ్రోవ్స్ చేసిన ఆపరేషన్ అని సాధారణంగా చెబుతారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కాలికి వారాల తరబడి పట్టీ వేసి కదలనివ్వకుండా ఉంచేవారు. 1990లో అమెరికాకు చెందిన షెల్బోర్న్, నిట్జ్ వెలువరించిన వ్యాసం తర్వాత, త్వరగా కాలు చాపించి నడిపించే పద్ధతి స్థిరపడింది.

ఖర్చు సంగతి ముందే తేల్చుకోవడం మంచిది. ఎన్టీఆర్ వైద్య సేవ (పూర్వపు ఆరోగ్యశ్రీ) ఈ కేసుకు వర్తిస్తుందా అన్నది నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కేంద్రంలో తెలుసుకోవచ్చు. డబ్బంతా ఆపరేషన్‌కే అయిపోయి ఫిజియోథెరపీకి మిగలకపోవడం, ఆ తర్వాత తలెత్తే చాలా ఇబ్బందులకు మొదలు.

పుల్లెల గోపీచంద్ ఉదాహరణ

తెలుగు క్రీడా చరిత్రలో ఈ గాయం నుంచి తిరిగి వచ్చిన వారిలో బాగా తెలిసిన పేరు బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్. ఆయన 1973 నవంబర్ 16న అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. గాయం తేదీపై కథనాలు ఒకటిగా లేవు. 1986లో, 13వ ఏటనే లిగమెంటు తెగిందని కొన్ని జీవిత సంగ్రహాలు రాశాయి. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలు దెబ్బతిందని మరికొన్ని చెబుతున్నాయి. రెండూ వేర్వేరు గాయాలే కావచ్చు. అయితే 1986లోనే ఆయన అంతర్ పాఠశాల పోటీల్లో సింగిల్స్, డబుల్స్ టైటిళ్లు గెలిచారని ఆ సంగ్రహాలే చెబుతున్నాయి. పూర్తిగా తెగిన లిగమెంటుతో అదే ఏడాది అది సాధ్యమయ్యే పనిగా తోచదు. ఆటను ఆపి, శస్త్రచికిత్సల దాకా తీసుకెళ్లిన పెద్ద గాయం 1994 నాటిదేనన్న కథనానికే మొగ్గు ఎక్కువ. అప్పటికి ఆయన వయసు 20, కౌమారం దాటీ దాటని ఈడు.

ఆ తర్వాతి కాలక్రమం గమనించదగ్గది. తొలి జాతీయ టైటిల్ 1996లో వచ్చింది. అక్కడి నుంచి 2000 వరకు వరుసగా ఐదు గెలిచారు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్. గాయానికీ ఆ టైటిల్‌కూ మధ్య ఏడేళ్లు గడిచాయి. పత్రికలు దీన్ని సంకల్పబలం కథగానే ఎక్కువగా రాశాయి. తల్లి సుబ్బరావమ్మ, వైద్యులు, ఫిజియోథెరపిస్టులు ఆయన చుట్టూ కట్టిన ఏర్పాటుగా, తొందరపెట్టని కాలంగా చదివితే పిల్లల తల్లిదండ్రులకు ఎక్కువ పనికొస్తుంది.

ఒకరి గడువును మరొకరికి అన్వయించడం సరికాదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలి ఆపరేషన్ చేయించుకుని 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచారు. కానీ అది లిగమెంటు పునర్నిర్మాణం కాదు. విశాఖపట్నానికి చెందిన హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీకి 2025లో తగిలింది ఏసీఎల్ గాయం. ఆ ఏడాది మిగతా సీజన్‌ను ఆమె వదులుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో జరిగే చికిత్స

మొదటి వారాల లక్ష్యాలు మూడు: వాపు తగ్గడం, కాలు పూర్తిగా చాపగలగడం, తొడ ముందు కండరం మళ్లీ పనిచేయడం. వీటిలో ఇళ్లలో ఎక్కువగా దెబ్బతినేది రెండోది. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద తలగడ పెడతారు. కాలు కాస్త వంగి హాయిగా ఉంటుంది కానీ, రోజుల తరబడి అలాగే ఉంచితే కీలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. కుంగిపోయే నులకమంచం, నవారుమంచం కూడా అదే పని చేస్తాయి. గట్టి చెక్కమంచం మీద పడుకోబెట్టి, తువ్వాలు చుట్టి మడమ కింద మాత్రమే పెట్టాలి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. కాలు తన బరువుకు తానే కిందికి వాలి నిటారవుతుంది. అలా ఉంచి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి అదిమినట్టుగా తొడ కండరాన్ని బిగించి, కొన్ని క్షణాలు పట్టి వదలమనాలి. మోకాలిచిప్ప పైకి కదలడం పక్కన కూర్చున్నవారి కంటికి కనబడితే కండరం పనిచేస్తున్నట్టే. దీన్ని రోజులో పలుమార్లు చేయించేది తల్లో, తండ్రో, నాయనమ్మో. వారానికి రెండుసార్లు కలిసే ఫిజియోథెరపిస్టు ఆ పని చేయలేరు.

కింద కూర్చుని భోజనం, నేల మరుగుదొడ్డి, కాలవ గట్టు మీద జారే నడక మొదట్లో కుదరవు. కుర్చీ కమోడ్ ముందే సిద్ధం చేసుకోవాలి. కదలిక తగ్గినప్పుడు తిండి తగ్గించాలనుకోవడం పొరపాటు. కండరం కరిగే కాలం ఇది కాబట్టి గుడ్లు, చేపలు, పప్పు, పాలు తగ్గకూడదు.

అసలు ప్రమాద కాలం మూడు, నాలుగు నెలలప్పుడు వస్తుంది. అప్పటికి నొప్పి ఉండదు, నడక మామూలవుతుంది, ఫిజియోథెరపిస్టు అనుమతిస్తే నెమ్మది పరుగు కూడా మొదలవుతుంది. కానీ అమర్చిన స్నాయువు లోపల ఇంకా లిగమెంటుగా మారుతూ, బలం పుంజుకునే దశలోనే ఉంటుంది. బాగుందని పిల్లవాడు చెప్పేది నిజమే. మోకాలు ఆటకు సిద్ధంగా లేదన్నదీ నిజమే.

ఆపరేషన్ దసరా సెలవుల్లో జరిగితే ఈ కాలం సరిగ్గా సంక్రాంతి దగ్గర పడుతుంది. ఊరూరా కబడ్డీ, వాలీబాల్ పందేలు, దూరాల నుంచి వచ్చిన నేస్తాలు, ఒక్క ఆట ఆడమని బలవంతం. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం గ్రామాల ఎత్తైన వెదురు ప్రభలను కుర్రాళ్లు భుజాన మోస్తూ కౌశిక కాలవ దాటిస్తారు. నీటిలో, చేల బురదలో, బరువు కింద పాదం కూరుకుని శరీరం తిరగడం ఈ మోకాలికి అన్నింటికన్నా చెడ్డది. ఆ ఏడు ఒడ్డు మీద నిలబడి చూడమని గట్టిగా చెప్పాల్సింది ఇంటి పెద్దలే.

బడి, కోచ్, మనసు

పాఠశాల క్రీడలు అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలుగా జరుగుతాయి. 16వ ఏట గాయపడిన పిల్లకు ఏడాది పోవడమంటే ఆ విభాగమే చేజారడం. కోచ్ తొందరకూ, పిల్ల దిగులుకూ సగం మూలం ఇక్కడే ఉంది. పదో తరగతి పరీక్షలు కలిసొస్తే ఒత్తిడి రెట్టింపు. జట్టుకు దూరమైన పిల్లల్లో నిద్ర తగ్గడం, మాట తగ్గడం, చిన్నదానికే కోపం తరచుగా కనిపిస్తాయి. వారాలు గడిచినా తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. స్కోరు రాయడం, చిన్నపిల్లలకు సర్వ్ నేర్పడం, కూర్చుని చేసే భుజాల కసరత్తు వంటి పనులతో మైదానంలో చోటు నిలపడం మంచి కోచ్‌లు చేసే పని. మళ్లీ తెగుతుందేమోనన్న భయాన్ని కొలవడానికి 2008 నుంచి ఏసీఎల్-ఆర్ఎస్ఐ అనే ప్రశ్నావళి వాడుకలో ఉంది.

తిరిగి ఆటకు

ఆటకు తిరిగి రావడంపై 2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం ఆపరేషన్ అయినవారిలో 81 శాతం ఏదో ఒక ఆటకు, 65 శాతం గాయానికి ముందున్న స్థాయికి, 55 శాతం పోటీ స్థాయికి చేరారు. 25 ఏళ్లలోపువారు ఆటకు తిరిగొస్తే సుమారు 23 శాతం మందికి ఆ కాలిలోనో, రెండో కాలిలోనో మళ్లీ ఏసీఎల్ గాయమైందని 2016 నాటి మరో సమీక్ష తేల్చింది. అదే ఏడాది వెలువడిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనం తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ తిరిగి గాయపడే ముప్పు సగం మేర తగ్గిందని చూపింది. పరిశీలించిన వారి సంఖ్య చిన్నది, వయసులూ కలగలుపు. అయినా కౌమారులకు తొమ్మిది నెలలు కనీస గడువని, ఏడాది దగ్గరగా ఆగడం మేలని ఇప్పుడు ఎక్కువమంది వైద్యుల మాట.

క్యాలెండర్ ఒక్కటే చాలదు. రెండు తొడల బలంలో తేడా పది శాతానికి మించకూడదు. ఒంటికాలి గెంతుల్లో రెండు కాళ్లు ఇంచుమించు సమానంగా దూరం వెళ్లాలి. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. ఇవి కొలవకుండా ఆరు నెలలైంది కదా అని పోటీకి దింపడం ఇప్పటికీ కనిపిస్తోంది. ఒంటికాలి గెంతులకు కావలసినవి ఒక టేపు, చదునైన నేల మాత్రమే కాబట్టి ఫిజియోథెరపిస్టు చూపితే ఏ హైస్కూలు మైదానంలోనైనా చేయవచ్చు.

నివారణ

స్వీడన్‌లో 12–17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు 15 నిమిషాల చొప్పున చేయించిన వార్మప్ కసరత్తులు ఏసీఎల్ గాయాలను 64 శాతం తగ్గించాయి. ఒంటికాలి మీద గుంజీలు, నడుం కండరాల పట్టు, గెంతి మోకాలు వంచి మెత్తగా దిగడం వాటిలో ప్రధానం. కబడ్డీ, షటిల్, వాలీబాల్ పిల్లలకు వీటిని మార్చకుండా వాడవచ్చు. ఒకసారి గాయపడి తిరిగొచ్చిన పిల్లలు ఆడినంత కాలం వీటిని మానకూడదు.