అశ్వచర్మ సంరక్షణము: యుద్ధములు నేర్పిన పాఠములు

రాజుల జయాపజయములను వ్రాయు చరిత్రకారులు కత్తులను, కోటలను, ఫిరంగులను లెక్కింతురు గాని గుఱ్ఱపు మేనిపై ప్రాకు పేనును లెక్కింపరు. అయినను మోటారుబండ్లు వ్యాపించువఱకు సైన్యములకు తిండిని, మందుగుండును చేరవేసినది గుఱ్ఱమే. ఆ గుఱ్ఱము దురదచే మేత మాని, గోడకును గుంజకును ఒరసికొని, పుండ్లుపడి చిక్కిపోయినచో దండయాత్రయే కుంటువడును. కావున గుఱ్ఱపు చర్మమును కాపాడు విద్యకు యుద్ధచరిత్రలో చిన్నది కాని స్థానము కలదు. ఆ విద్య ఎట్లు పెరిగినదో, మంచి యుద్దేశముతో పట్టిన కత్తెరయే ఒక శీతకాలమున ఎట్లు ప్రాణాంతకమైనదో తెలిసికొనుట పశువులను పోషించువారికెల్ల ప్రయోజనకరము.

దురదకు కారణములు

గుఱ్ఱమునకు దురద పుట్టించువానిలో ముఖ్యమైనవి పేలు, గజ్జిపురుగులు. పేలు రెండు జాతులు. ఒక జాతి చర్మముపై పొట్టును కొఱికి తినును. రెండవది చర్మమునకు ముట్టె గ్రుచ్చి నెత్తురు పీల్చును. రెండును కంటికి కనబడునవే. జూలు మొదటను, తోక మొదటను వెండ్రుకలను విడదీసి చూచినచో పేలును, వెండ్రుకలకు అంటుకొనియున్న ఈపులును కానవచ్చును. ఇవి గుఱ్ఱపుజాతినే ఆశ్రయించి బ్రదుకును గాని మనుష్యుల తలలలో కాపురముండవు. వెండ్రుక దట్టముగా పెరుగు చలికాలమున ప్రబలి, అది రాలుకాలమునకు తగ్గిపోవును. పేలను చంపు మందు సాధారణముగా ఈపులను చంపజాలదు. కావున ఒకమాఱు మందు పూసి తృప్తిపడినవారు కొలది దినములలో మరల మొదటికి వత్తురు. రెండు మూడు వారములలో రెండవమాఱు పూయుట అందువలననే అవసరమైనది.

గజ్జిపురుగులు ఇంతకంటె ప్రమాదకరములు. ఇవి సూక్ష్మదర్శినికి గాని స్పష్టముగా కనబడవు. వీనిలో ఒకజాతి చర్మములోనికి సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. మఱియొకటి చర్మముపై పక్కుల క్రింద నివసించును. మూడవది విశేషముగా కాళ్లను పట్టును. చర్మమును త్రవ్వు జాతి గుఱ్ఱమును తోము మనుష్యునికి సైతము కొంతకాలము దురద కలిగించును.

ఇవి గాక, సన్నని జాతి ముసురుదోమలు కుట్టుటవలన వేడి దినములలో జూలును తోకను పట్టు దురద యొకటి కలదు. ఇది అంటువ్యాధి కాదు. ఆ దోమలు మూగు ప్రొద్దువాలు వేళలందు గుఱ్ఱమును సాలలో కట్టి కాపాడుటయే దీనికి మొదటి యుపాయము. దురద ఒకటే అయినను కారణములు వేఱగుటచే, కారణ మెఱుగని చికిత్స వ్యర్థమగును.

పూర్వుల యెఱుక

అశ్వవైద్యమునకు మన దేశమున శాలిహోత్రుడు ఆద్యుడని ప్రసిద్ధి. నకులుని పేర వెలసిన సంస్కృత అశ్వశాస్త్రమును తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయమువారు 1952లో రంగుల చిత్రములతో ప్రకటించిరి. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. విజయనగర ప్రభువు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెనని పోర్చుగీసువాడగు న్యూనిజ్ వ్రాసెను. అంతటి ధనము వెచ్చించి సముద్రముల కవతలినుండి తెచ్చిన జంతువును కాపాడుకొను శాస్త్రమునకు ఆదరము కలుగుట సహజమే. శాస్త్రమెఱుగని సాలలలోను ఇనుపదువ్వెనతో తోముట, మాలీసు చేయుట, వేపనూనె, కానుగనూనె, గంధకము పూయుట వాడుకలో నుండెను.

అయినను గజ్జికి మూలము ఒక పురుగని లోకము నమ్ముటకు చాలకాలము పట్టినది. ఇటలీ దేశపు వైద్యుడగు బోనొమో 1687లో మనుష్యుల గజ్జిపురుగును సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆ రోగమునకు అదియే కారణమని ప్రకటించెను. రక్తదోషమే గజ్జికి మూలమని నమ్మియున్న వైద్యులు ఆ మాటను పెడచెవిని పెట్టిరి. 1834లో రెనూచీ యను విద్యార్థి పారిస్ నగరమున అందఱి యెదుట ఆ పురుగును చర్మమునుండి తీసి చూపిన పిమ్మటగాని సందేహము తీరలేదు. ఈ లోపల 1761లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున బూర్జెలా పశువైద్య విద్యాలయమును స్థాపించుటతో అశ్వవైద్యము క్రమముగా లాడములు కొట్టువారి చేతినుండి శాస్త్రజ్ఞుల చేతికి రాసాగెను.

కత్తిరింపు వచ్చిన విధము

పగటికాలము తగ్గుకొలది గుఱ్ఱమునకు చలివెండ్రుక పెరుగును. ఆ వెండ్రుకల నడుమ నిలుచు గాలియే దానికి కంబళి. కాని కష్టించి పనిచేయు గుఱ్ఱమునకు ఆ కంబళియే భారమగును. చెమటతో తడిసినది త్వరగా ఆరదు. ఆరనందున చలి పట్టును, మురికి పేరుకొనును, పేలకు నెలవు దొరకును. అందుచే చలిదేశములలో వెండ్రుకను కత్తిరించుట మొదలయ్యెను. ఇంగ్లండున ఈ యలవాటు 19వ శతాబ్ది ప్రథమార్ధమున వ్యాపించెను. ఆదిలో దువ్వెనయు కత్తెరయు పట్టి గంటలకొలది శ్రమపడుచుండిరి. మిగిలిన కొనలను దీపపుమంటతో కమర్చుటయు కలదు. 1877లో వూల్జ్లీ ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. పిమ్మట, ఒకడు చక్రము త్రిప్పుచుండగా మఱియొకడు కత్తిరించు గుఱ్ఱపుయంత్రములును వాడుకకు వచ్చెను.

కత్తిరించుటవలన వెండ్రుకతోపాటు దాని నంటియున్న ఈపులు తొలగును. మందు చర్మమునకు అందును. వ్యాధి తొలినాళ్లలోనే కంటబడును. కాని చర్మములో దాగిన గజ్జిపురుగును కత్తెర చంపజాలదు. అది చికిత్సకు దారి చేయునే గాని తానే చికిత్స కాదు.

దక్షిణాఫ్రికా యుద్ధము

1899 నుండి 1902 వఱకు జరిగిన దక్షిణాఫ్రికా యుద్ధమున బ్రిటిషు సైన్యము 3 లక్షలకు పైగా గుఱ్ఱములను పోగొట్టుకొనెను. ఓడ దిగిన గుఱ్ఱమునకు విశ్రాంతి లేదు. రోగము గలదానిని వేఱుచేయు నేర్పాటు చాలలేదు. ఈ నష్టమే కన్నులు తెఱిపించి, 1903లో పశువైద్య సైనికదళము ఏర్పడుటకు కారణమయ్యెను. మదరాసు పశువైద్య కళాశాల ప్రారంభమైనదియు ఆ 1903లోనే.

1916-17 శీతకాలము

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఫ్రాన్సు దేశమున లక్షలకొలది గుఱ్ఱములు, కంచరగాడిదలు బురదలో ఒకదానిప్రక్క నొకటిగా కట్టబడియుండెను. గజ్జి వ్యాపించుటకు ఇంతకంటె అనుకూలమైన స్థితి యుండదు. దానిని అరికట్టుటకై బ్రిటిషు సైన్యమువారు గుఱ్ఱముల మేనివెండ్రుకను పూర్తిగా కత్తిరించు పద్ధతి నవలంబించిరి. ఇంగ్లండునందలి సాలలో, పొడిగడ్డిపై, కంబళి కప్పుకొని నిలుచు గుఱ్ఱమునకు అది మంచిపద్ధతియే. యుద్ధభూమిలో సాల లేదు, పొడిగడ్డి లేదు, ఉన్న కంబళి తడిసి ముద్దయగుచుండెను.

1916-17 శీతకాలము ఐరోపాలో మిక్కిలి కఠినమైనది. కత్తిరింపబడిన గుఱ్ఱములు వానకును మంచునకును నిలువలేక, చాలని దాణాతో బరువులు లాగి కూలిపోయెను. 1917 ఏప్రిల్ 9వ తేదీన ఆరాస్ పోరాటము మొదలైననాడును మంచు కురిసెను. ఆ వసంతమున ఫిరంగులకు కట్టిన గుఱ్ఱములు పెక్కులు నిలిచినచోటనే నశించెను. గజ్జినుండి కాపాడదలచిన చేతులే వానిని చలి కప్పగించినట్లయ్యెను. మొత్తము యుద్ధమున బ్రిటిషు పక్షమున మరణించిన పశువులు సుమారు 4,84,000. శత్రువుల ఆయుధములచే మడిసినవానికంటె చలిచే, అలసటచే, వ్యాధులచే పోయినవే అధికము.

ఈ కష్టమున మన ప్రాంతమునకును పాలు కలదు. సికిందరాబాదు అశ్వదళ బ్రిగేడు 1914లో ఫ్రాన్సు చేరి 1918 తొలినాళ్లవఱకు అచ్చట నుండెను. హైదరాబాదు కంటింజెంటునుండి పుట్టిన 20వ దక్కను హార్సు దళము 1916 జులై 14న సోమ్ పోరాటమున హైవుడ్ వనమువద్ద గుఱ్ఱములపై శత్రువును ఢీకొనెను. ఆ దళమున రౌతు తన గుఱ్ఱమును తానే సమకూర్చుకొను సిల్లేదారు పద్ధతి యుండెను. అట్టివానికి గుఱ్ఱపు ఆరోగ్యము ఇంటి ఆస్తితో సమానము. దక్కనునుండి వెళ్లిన ఆ రౌతులు 1916-17 చలిని ఫ్రాన్సులోనే గడపిరి.

అనుభవమునుండి పద్ధతి మారెను. మేనంతయు కత్తిరించుట మాని కాళ్లును, పొట్టయు మాత్రము కత్తిరింపసాగిరి. చెమటయు బురదయు చేరుచోటులు శుభ్రముగా నుండెను. వీపునకును నడుమునకును ప్రకృతి యిచ్చిన కంబళి మిగిలెను.

గంధకపు తొట్లు

చికిత్సయు అభివృద్ధి చెందెను. సున్నమును గంధకమును కలిపి కాచిన ద్రవమును పొడవైన తొట్లలో నింపి, వెచ్చగా నుంచి, గుఱ్ఱములను ఒకవైపున దింపి ఈదించి రెండవవైపున ఎక్కించుచుండిరి. ఫ్రెంచివారు గుఱ్ఱమును మూసిన గదిలో నిలిపి, తలను మాత్రము బయటికి ఉంచి, గంధకపు పొగ పట్టించిరి. పొగ వెండ్రుకల మొదళ్లవఱకు ప్రాకి పురుగులను, పేలను చంపుచుండెను. వ్యాధి గలదానిని వేఱుగా కట్టుట, దాని దువ్వెనను, కంబళిని, జీనును వేఱొకదానికి వాడకుండుట కట్టుదిట్టముగా సాగెను. ఫ్రాన్సునందలి పశువైద్యశాలలకు వచ్చిన సుమారు 7,25,000 గుఱ్ఱములలో 5,29,000 వఱకు కోలుకొని మరల పనికి పోయెను. ఈ సేవకు గుర్తింపుగా 1918 నవంబరులో ఆ దళమునకు రాజబిరుదము లభించెను.

తరువాతి కాలము

రెండవ ప్రపంచయుద్ధానంతరము డి.డి.టి. పేలపై విరివిగా ప్రయోగింపబడెను. దాని విషప్రభావము తెలియుటచే 1970 తరువాత పెక్కు దేశములు దాని వాడుకను నిషేధించెను, లేక తగ్గించెను. 1981లో ఐవర్మెక్టిన్ పశువైద్యమునకు వచ్చెను. దానిని కనుగొనిన కేంబెల్, ఓమురాలకు 2015లో నోబెల్ బహుమతి యందులో భాగముగా లభించెను. ఇది గజ్జిపురుగులకును, నెత్తురు పీల్చు పేలకును బాగుగా పనిచేయును. పొట్టు తిను పేలు నెత్తురు త్రాగవు గనుక వానిపై దీని బలము తక్కువ. మందు కొత్తదైనను, ఏ పురుగో తెలిసికొని వాడవలెనను నియమము పాతదే.

నేడు పల్లెలలో గుఱ్ఱపుబండ్లు అరుదైనవి. కాని గేదెలకును వాని జాతి పేలు కలవు. ఎద్దులకును గజ్జి కలదు. క్రొత్తగా కొన్న పశువును కొన్నిదినములు వేఱుగా కట్టుట, దాని త్రాటిని దువ్వెనను కలపకుండుట, మందును గడువులోపల రెండవమాఱు వేయుట, చలిదినములలో దాని కప్పును తొలగింపకుండుట అన్నింటికిని వర్తించును. దక్షిణాఫ్రికా నష్టములను ఫ్రెడరిక్ స్మిత్ 1919లోను, ఫ్రాన్సు అనుభవములను జాన్ మూర్ 1921లోను గ్రంథస్థము చేసిరి. లక్షలకొలది మూగప్రాణుల మూల్యముతో లభించిన ఆ తెలివి మరల అంత మూల్యము చెల్లింపకయే నేటివారికి దొరకుచున్నదన్నచో, అది వ్రాసి యుంచినవారి చలువయే.